ఓడ ప్రయాణానికి ‘ఎందుకైనా మంచిద’ని సర్దేవాటిలో ఏవి ఉంచాలి, ఏవి తీసేయాలి

చెన్నై రేవు నుంచి కార్డీలియా కంపెనీ విహార నౌక 2022 జూన్‌లో మొదలైంది, మరుసటి ఏడాది శ్రీలంక దాకా వెళ్ళింది. తిరుపతి వాళ్ళు పుత్తూరు, నగరి మీదుగా, చిత్తూరు వాళ్ళు రాణిపేట, కాంచీపురం మీదుగా నాలుగు గంటల్లో ఆ రేవుకు చేరుకుంటారు. ఇంటి ముందు కారెక్కి రేవు ముందు దిగడమే కదా అని డిక్కీ పట్టినంతా సర్దేస్తారు. కానీ ఆ సామానంతా చివరికి చేరేది ఓడలోని చిన్న గదికి. నలుగురి గదిలో పై బెర్తులు దించితే నేల మీద పెట్టె తెరిచే చోటు కూడా మిగలదు. అలాగని అన్నీ వదిలేసి పోవడానికీ లేదు, నడిసముద్రంలో వీధి చివర మందుల షాపు ఉండదు. ఏది ఉంచాలి, ఏది తీసేయాలి అన్నది ముందే కూర్చుని తేల్చుకోవాల్సిన పని.

ప్రతి వస్తువునూ చేతిలోకి తీసుకుని మూడు సంగతులు చూడండి, ఇదే వరుసలో. ఓడవాళ్ళు దీన్ని లోపలికి రానిస్తారా? ఇది లేకపోతే కాస్త ఇబ్బందా, నిజంగా ప్రమాదమా? ఓడలో అడిగితే దొరుకుతుందా? రానివ్వనిది ఎంత అవసరమైనా అక్కడితో సరి, దాని బదులు ఏం చేయాలో ఆలోచించండి. లేకపోతే ప్రమాదం, ఓడలోనూ దొరకదు అన్నది తప్పకుండా రావాలి, వీలైతే రెండు చోట్ల రావాలి. లేకపోతే ఇబ్బందే, ఓడలో దొరుకుతుంది కూడా అంటే ఇంట్లో పెట్టేయండి. చిక్కంతా మధ్యలో వాటితోనే: లేకపోతే ఇబ్బందే, కానీ ఓడలో దొరకదు. అవి అరచేతిలో పట్టేంత చిన్నవైతే తీసుకోండి, పెద్దవైతే వదిలేయండి.

బీపీ మాత్రలు, రెండో కళ్ళజోడు, చెవి మిషన్ బ్యాటరీలు, కట్టుడు పళ్ళ డబ్బా ఆలోచించకుండా లోపలికి వెళ్ళేవి. తువ్వాళ్ళు, దుప్పట్లు, సబ్బులు గదిలోనే ఉంటాయి. గొడుగు ఓడ పై డెక్కు మీద గాలికి తిరగబడుతుంది, పక్కవాళ్ళకు తగులుతుంది కూడా. దాని బదులు మడిస్తే జేబులో పట్టే రెయిన్‌కోటు చాలు.

మన వైపు ఓడ ప్రయాణమంటే ఒక్క ఇల్లు పోదు. అక్కాబావలు, పిన్నీ చిన్నాన్న, వాళ్ళ పిల్లలు, అవ్వా తాతా కలిసి మూడు నాలుగు గదులు తీసుకుంటారు. ఇంటికొకటి చొప్పున నాలుగు అమృతాంజనాలు, నాలుగు టార్చిలైట్లు, నాలుగు మందుల డబ్బాలు వస్తాయి. వారం ముందే కుటుంబం వాట్సాప్ గ్రూపులో పంచుకోండి: మందుల డబ్బా అక్కది, అడాప్టర్లు బావవి, సూది దారం, పిన్నీసులు పిన్నివి. ఎవరి రోజువారీ మందులు మాత్రం వాళ్ళ దగ్గరే ఉండాలి. ఈ ఒక్క పనితోనే ఒక పెట్టె తగ్గుతుంది.

మందులు

ఎక్కువ సమయం పెట్టాల్సింది ఇక్కడే. ఓడలో డాక్టరు, చిన్న ఆసుపత్రి ఉంటాయి కానీ అక్కడి ఫీజు మన ఊరి ఫీజు కాదు. మీరు వాడే కంపెనీ మాత్ర అక్కడ ఉంటుందన్న నమ్మకం లేదు. బిల్లు ముందు మనం కట్టి, తర్వాత ఇన్సూరెన్సు నుంచి రాబట్టుకోవాలి. ఇంట్లో ఉన్న ఆరోగ్య పాలసీలు చాలావరకు దేశం దాటితే పనిచేయవు, అందుకని ప్రయాణ ఇన్సూరెన్సు విడిగా తీసుకోండి. అత్యవసరంగా ఓడ నుంచి ఒడ్డుకు తరలించే ఖర్చు అందులో ఉందో లేదో చదివి చూడండి.

రోజువారీ మందుల లెక్క ఇలా వేయండి: ప్రయాణం ఎన్ని రోజులో అన్ని, పైన ఇంకో నాలుగు రోజులవి. అక్టోబరు నుంచి డిసెంబరు వరకు బంగాళాఖాతంలో వాయుగుండాల కాలం. ఓడ దారి మార్చుకోవచ్చు, ఒక రేవు వదిలేయవచ్చు, ఆలస్యంగా తిరిగి రావచ్చు. నాలుగు రోజుల ప్రయాణమైతే ఎనిమిది రోజుల మందులన్నమాట. ప్రయాణానికి సరిపడా మందులు ఎవరివి వాళ్ళ చేతి సంచిలో, అదనపువి ఇంకొకరి చేతి సంచిలో. మాత్రలు స్ట్రిప్పుల్లోంచి తీసి చిన్న డబ్బాల్లో పోయకండి. పేరు, గడువు తేదీ లేని మాత్రలను తనిఖీలో ప్రశ్నిస్తారు, ఓడ డాక్టరుకూ అవి ఏమిటో తెలియదు. స్ట్రిప్పు కత్తిరించాల్సి వస్తే పేరు, తేదీ ఉన్న ముక్క మీ దగ్గర ఉండేలా కత్తిరించండి. డాక్టరు చీటీని ఫోటో తీసి పెట్టుకోండి, ఒక జిరాక్సు కూడా ఉంచండి. చీటీలో కంపెనీ పేరే ఉంటే పక్కన మందు అసలు పేరు రాయించుకోండి. శ్రీలంకలోనో సింగపూర్‌లోనో కొనాల్సి వస్తే పనికొచ్చేది ఆ పేరే.

ఇన్సులిన్ వాడేవాళ్ళు గదిలోని చిన్న ఫ్రిజ్‌ను నమ్ముకోకూడదు. కొన్ని ఓడల్లో అది కూల్‌డ్రింకులకు సరిపోయేంతే చల్లబడుతుంది, కొన్నిట్లో వెనక గోడకు ఆనిన వస్తువు గడ్డకడుతుంది. గడ్డకట్టిన ఇన్సులిన్ కరిగినా పనికిరాదు. వాడుతున్న పెన్ను సాధారణంగా 30 డిగ్రీల లోపు ఉంటే నాలుగు వారాల దాకా బయట ఉండొచ్చు. రకాన్ని బట్టి ఇది మారుతుంది కాబట్టి అట్టపెట్టెలోని కాగితం చూడండి. తెరవని పెన్నుల కోసం మందులు పెట్టే ఫ్రిజ్ కావాలని టికెట్టు తీసుకునేటప్పుడే అడగండి. రేవు దాకా కారులో ఐసు ప్యాకుతో తీసుకుపోతుంటే ప్యాకుకూ పెన్నుకూ మధ్య ఒక చేతిరుమాలు చుట్టండి.

నలుగురికి, నాలుగు రోజులకు ఉమ్మడి డబ్బాలో ఇవి చాలు: పారాసిటమాల్ ఒక స్ట్రిప్పు, సెట్రిజిన్ ఒక స్ట్రిప్పు, గ్యాసు మాత్రలు ఒక స్ట్రిప్పు, విరేచనాలకు లోపరమైడ్ ఒక స్ట్రిప్పు, లీటరు నీళ్ళకు కలిపే ఓఆర్‌ఎస్ ప్యాకెట్లు 4, అతికించే బ్యాండేజీలు 10, గాయానికి కట్టే గాజ్ గుడ్డ చుట్ట ఒకటి, గాయాలకు పూసే ఆయింట్‌మెంటు చిన్న ట్యూబు, థర్మామీటరు. పిల్లలుంటే వాళ్ళ బరువుకు తగ్గ జ్వరం సిరప్పు, దాని కొలత గ్లాసు. సిరప్పు మూత కింద చిన్న ప్లాస్టిక్ ముక్క వేసి బిగించి, జిప్ కవరులో నిలువుగా పెట్టండి. లోపరమైడ్ పెద్దవాళ్ళకే. జ్వరంతోనో రక్తంతోనో విరేచనాలైతే అది వేసుకోకుండా డాక్టరు దగ్గరికి వెళ్ళాలి.

ఓఆర్‌ఎస్ దగ్గర ఒక తప్పు తరచూ జరుగుతుంది. దాదాపు 21 గ్రాముల పెద్ద ప్యాకెట్టు లీటరు నీళ్ళకు, నాలుగు గ్రాములకు కాస్త పైన ఉండే చిన్నది 200 మిల్లీలీటర్లకు. పెద్ద ప్యాకెట్టును ఒక గ్లాసులో కలిపి తాగిస్తే ఉప్పు ఎక్కువై, ముఖ్యంగా పిల్లలకు, మేలుకు బదులు కీడే జరుగుతుంది. అందుకే లీటరు సీసా ఒకటి వెంట ఉంచుకుని అందులోనే కలపండి.

శానిటైజరు పెద్ద సీసాలు మానేయండి. ఓడల్లో తొందరగా పాకే కడుపు జబ్బు నోరోవైరస్ వల్ల వస్తుంది, దాని మీద శానిటైజరు అంతగా పనిచేయదు. భోజనాల హాలుకు పోయే ముందు, మరుగుదొడ్డికి వెళ్ళొచ్చాక సబ్బుతో 20 సెకన్లు చేతులు కడగడమే మందు. దానికి సర్దాల్సింది ఏమీ లేదు.

కడలి వికారం

ఎవరికి వాంతులవుతాయో మనకు ముందే తెలుసు. తిరుమల ఘాట్ రోడ్డు మీద కిటికీ పక్క సీటు అడిగేవాళ్ళు, మలుపుల్లో కళ్ళు మూసుకునేవాళ్ళు ఓడలోనూ జాగ్రత్తపడాలి. మన దగ్గర డాక్టర్లు ఎక్కువగా రాసేవి అవోమిన్, స్టూజెరాన్ లాంటివి. అవి వికారం మొదలయ్యాక కాదు, మొదలవకముందే వేసుకోవాలి. వాంతులు మొదలైతే మాత్ర కడుపులో నిలవదు. సాయంత్రం ఓడ కదిలేట్టయితే గంట, రెండు గంటల ముందే వేసుకోవడం మామూలు, మీకు ఎప్పుడు, ఎంత అన్నది డాక్టరు చెప్పినట్టే. వీటితో మత్తు వస్తుంది, నోరెండుతుంది. కంట్లో ప్రెషర్ ఉన్నవాళ్ళు, ప్రోస్టేటు పెరిగి మూత్రం కష్టంగా వచ్చేవాళ్ళు, గర్భిణులు, చిన్నపిల్లలు డాక్టరును అడగకుండా వేసుకోకూడదు. రెండు రకాలు కలిపి వేసుకోవడం ఎవరికీ మంచిది కాదు.

మీ మాత్రను ముందే పరీక్షించుకునే వీలు తిరుపతి వాళ్ళకు ఇంటి ముందే ఉంది. ప్రయాణానికి రెండు వారాల ముందు డాక్టరు చెప్పిన మోతాదు వేసుకుని కొండకు బస్సులో పోయి రండి. దిగేటప్పుడు మలుపులెక్కువ, అసలు పరీక్ష అప్పుడే. వికారం ఆగిందా, ఎంతసేపు మత్తుగా ఉంది, అవ్వకు తూలు వచ్చిందా అన్నవి చూసుకోండి. తూలు వచ్చిందంటే కదిలే ఓడలో మెట్ల దగ్గర పడిపోయే ప్రమాదం ఉంది, డాక్టరును వేరేది అడగాలి.

మాత్ర కాక వెంట ఉంచదగ్గవి: ఎండబెట్టిన అల్లం ముక్కలదో, అల్లం మురబ్బాదో సీలు వేసిన ప్యాకెట్టు, నాలుగు ఉప్పు బిస్కెట్ ప్యాకెట్లు, చినగని వాంతి కవర్లు ఆరు. గది ఇంకా ఎంచుకోకపోతే ఓడ నడుమ భాగంలో, కింది అంతస్తులో తీసుకోండి, ఊపు అక్కడ తక్కువ. సగం మాత్రలకు సమానం ఆ ఒక్క ఎంపిక.

కరెంటు సామాను

ఇస్త్రీపెట్టె, ఎలక్ట్రిక్ కెటిల్, రైస్ కుక్కర్, ఇండక్షన్ పొయ్యి, నీళ్ళు కాచే రాడ్డు వద్దు. ఓడల కంపెనీలు వీటిని ఎక్కేముందే తీసుకుని చివరి రోజు తిరిగిస్తాయి. కారణం నిప్పు. ఇంట్లో నిప్పంటుకుంటే వీధిలోకి పరుగెత్తవచ్చు, ఓడలో ఆ వీధి లేదు. పసిబిడ్డ పాలకు వేడినీళ్ళు కావాలని కెటిల్ పెట్టుకునే తల్లులుంటారు. దాని బదులు అర లీటరు స్టీలు ఫ్లాస్కు ఖాళీగా తీసుకెళ్ళండి, భోజనాల హాల్లో వేడినీళ్ళు పట్టిస్తారు. పట్టుచీర నలుగుతుందని ఇస్త్రీపెట్టె అక్కర్లేదు. మడతల మధ్య పాత కాటన్ చీర ముక్క పెట్టి గుండ్రంగా చుట్టండి, చేరగానే హ్యాంగరుకు తగిలించండి.

ఎక్స్‌టెన్షన్ బోర్డు విషయం చాలామందికి వింతగా ఉంటుంది. ఇంట్లో ఒక తీగలో కరెంటు, ఇంకోటి న్యూట్రల్. చాలా ఓడల్లో అలా కాదు, రెండు తీగలూ కరెంటువే, వాటిని ఓడ ఇనుముకు కలపరు. సర్జ్ ప్రొటెక్షన్ (కరెంటు ఒక్కసారిగా పెరిగితే సామాను కాలకుండా ఆపే ఏర్పాటు) ఉన్న బోర్డు లోపలి భాగాలు ఇంటి ఏర్పాటుకు తగ్గట్టు చేసినవి. ఓడలో అవి వేడెక్కి కాలవచ్చు. ఒక తీగనే తెంపే స్విచ్ ఆపినా రెండో తీగలో కరెంటు ఉండనే ఉంటుంది. అందుకే ఆ బోర్డులు కనిపిస్తే తీసేసుకుంటారు. మామూలు బోర్డుకైనా అడిగి ఒప్పుకుంటేనే. దాని బదులు నాలుగు యూఎస్‌బీ రంధ్రాలున్న చార్జరు ఒకటి తెచ్చుకుంటే నలుగురి ఫోన్లకూ ఒకే సాకెట్టు చాలు.

ఆ సాకెట్టు మన మూడు పిన్నుల ప్లగ్గుకు సరిపోకపోవచ్చు. పాత ఓడల్లో ఒకటి అమెరికా వాళ్ళ చదును పిన్నుల 110 వోల్టులది, ఇంకోటి గుండ్రటి రెండు పిన్నుల 220 వోల్టులది. ఫోను చార్జరు మీద సన్నటి అక్షరాల్లో 100–240 అని ఉంటే రెండిట్లోనూ పనిచేస్తుంది. 220 అని మాత్రమే ఉన్న సామాను 110లో పనిచేయదు. గదికి రెండు అడాప్టర్లు తీసుకోండి, ఎక్కడో ఒక చోట ఒకటి మరచిపోతారు.

నిద్రలో శ్వాస మిషన్ వాడేవాళ్ళు మాత్రం ముందే ఓడ కంపెనీకి రాతపూర్వకంగా చెప్పి, పొడవాటి తీగ, మిషన్‌లో పోసే డిస్టిల్డ్ వాటర్ వాళ్ళనే ఏర్పాటు చేయమనాలి.

కొచ్చి, ముంబై రేవులకు రేణిగుంట నుంచి విమానంలో పోతుంటే పవర్ బ్యాంకు చేతి సంచిలోనే ఉండాలి, పెద్ద పెట్టెలో వేయకూడదు. 100 వాట్ గంటల లోపైతే అడ్డు ఉండదు, 20,000 ఎంఏహెచ్‌ది దాదాపు 74 వాట్ గంటలే.

పూజ, తిండి

దీపం, కర్పూరం, అగరుబత్తీలు లోపలికి రావు, నిప్పు నియమమే ఇక్కడా. పొద్దున దీపం పెట్టే అలవాటున్న పెద్దవాళ్ళకు ఈ సంగతి ఇంట్లోనే నెమ్మదిగా చెప్పండి. తనిఖీ బల్ల దగ్గర చెబితే వాళ్ళు బాధపడతారు. స్వామివారి చిన్న పటం, కుంకుమ భరిణె, జపమాల నిరభ్యంతరంగా తీసుకోవచ్చు.

పులిహోర, చిత్రాన్నం దారి వరకే. ఇంట్లో వండినదాన్ని చాలా ఓడలు ఎక్కనివ్వవు, రేవు గేటు ముందే తినేయండి. కంపెనీ సీలుతో ఉన్న పొడులు, తాండ్ర, బిస్కెట్ల విషయం మీ ఓడ నియమాల్లో చూసుకోండి. ఊరగాయ సీసా ఒప్పుకున్నా వద్దనే మా మాట. నూనె కారితే పెట్టెలోని బట్టలన్నీ పోతాయి, కందిపొడి చిన్న ప్యాకెట్టు ఆ పని చేస్తుంది. లడ్డూ ప్రసాదం బంధువులకని తీసుకుపోతే ముందే అడిగి, గట్టి డబ్బాలో పెట్టండి. అవతలి దేశం రేవులో దిగేటప్పుడు మాత్రం పండ్లు, తిండి పదార్థాలు ఒడ్డుకు తీసుకుపోవద్దు, చాలా చోట్ల నిషేధం.

చిన్నవే కానీ ఉండాల్సినవి

పిన్నీసులు రెండు డజన్లు. పై డెక్కు గాలికి చీర కొంగు నిలవదు, టోపీకి గదవ కింద కట్టే తాడు లేకపోతే అది సముద్రం పాలే. అయస్కాంతపు కొక్కేలు నాలుగు: గది గోడలు చాలావరకు ఇనుపవి, తడి బట్టలు, సంచులు, కార్డులు వాటికి తగిలించుకోవచ్చు, చోటు లేని గదిలో అదే బీరువా. కిటికీ లేని గదిలో దీపం ఆర్పితే మీ చేయి మీకే కనిపించదు, బ్యాటరీతో వెలిగే చిన్న రాత్రి లైటు ఒకటి స్నానాలగది వైపు పెట్టండి. ఆ గుమ్మం నేల కంటే ఎత్తుగా ఉంటుంది, పెద్దవాళ్ళ వేళ్ళు తగిలేది అక్కడే.

తాత చేతికర్ర చివరి రబ్బరు బూటును తిప్పి చూడండి. అడుగున గీతలు అరిగి నున్నగా అయిపోయి ఉంటే తడి డెక్కు మీద జారుతుంది. కొత్తది కొని తొడిగి, ఇంకోటి సంచిలో వేయండి. చెప్పులకూ ఇదే పరీక్ష.

డైపర్లు రోజువారీ లెక్కకు ఒక రోజువి కలపండి. డైపరు కట్టిన పిల్లలను చాలా ఓడల్లో ఈత కొలనులోకి దించనివ్వరు, ఈత డైపర్లు కొనేముందు అడగండి. మామూలు చేతి గడియారం ఒకటి ఉండనివ్వండి. శ్రీలంకకూ మనకూ ఒకే సమయం, సింగపూర్‌కు రెండున్నర గంటలు తేడా. ఫోను ఒడ్డు సమయానికి మారిపోతుంది, కానీ రేవులో దిగినవాళ్ళు తిరిగి రావాల్సింది ఓడ సమయానికే.

కాగితాలు, ఫోను, వేళ

విదేశీ రేవు ఉంటే పాస్‌పోర్టుకు కనీసం ఆరు నెలల గడువు మిగిలి ఉందా అన్నది టికెట్టు కొనక ముందే చూడాలి. పాస్‌పోర్టు మొదటి, చివరి పేజీల జిరాక్సులు రెండేసి, ఫోటోలు రెండేసి. ఒక సెట్టు ఇంకొకరి సంచిలో. కొన్ని ప్రయాణాల్లో పాస్‌పోర్టు ఓడవాళ్ళే ఉంచుకుంటారు, అప్పుడు ఒడ్డు మీద మీ చేతిలో ఉండేది ఆ జిరాక్సే.

ఓడ నడిసముద్రానికి చేరగానే ఫోను ఓడలోని టవరును పట్టుకుంటుంది. అది ఉపగ్రహం మీదుగా నడిచేది, ఛార్జీ చాలా ఎక్కువ. మీరు ముట్టుకోకపోయినా వాట్సాప్ ఫోటోలు దిగుతూనే ఉంటాయి. ఓడ కదిలే ముందే అందరి ఫోన్లూ, ముఖ్యంగా అవ్వా తాతలవి, ఏరోప్లేన్ మోడ్‌లో పెట్టండి.

వస్తువుల కన్నా ముందు అదనంగా ఉంచుకోవాల్సింది సమయం. చెన్నై రేవు చుట్టుపక్కల కంటైనర్ లారీల రద్దీ ఉంటుంది, చెక్-ఇన్ ఓడ కదలడానికి చాలా ముందే మూసేస్తారు. దారికి నాలుగు గంటలు వేసుకుని, పైన ఇంకో మూడు గంటలు కలపండి, వీలైతే ముందురోజే చెన్నై చేరండి.

చేతి సంచి, చివరి రాత్రి

పెద్ద పెట్టెలకు ట్యాగులు కట్టి రేవులోనే తీసుకుంటారు, అవి గదికి చేరేసరికి రాత్రి కావచ్చు. అందుకని మందులు, కాగితాలు, కళ్ళజోడు, చార్జరు, ఒక జత బట్టలు, పిల్లలకు ఈత బట్టలు భుజానికి తగిలించుకునే సంచిలో ఉండాలి. పెద్ద పెట్టె ఖాళీ చేశాక మంచం కింద దూరేంత ఎత్తే ఉండాలి, మెత్తని గుడ్డ పెట్టె అయితే ఇంకా మేలు.

తిరుగు ప్రయాణంలో చాలామంది పొరపడేది చివరి రాత్రి. పెట్టెలు గది బయట పెట్టమంటారు, వాళ్ళే కిందికి చేరుస్తారు. తొందరలో అన్నీ పెట్టెలో వేసేసి తెల్లారి కట్టుకోవడానికి బట్టల్లేక, పొద్దున వేసుకోవాల్సిన షుగరు మాత్ర లేక నిలబడతారు. పెట్టె బయట పెట్టే ముందు మర్నాటి బట్టలు, చెప్పులు, పొద్దుటి, మధ్యాహ్నం మందులు, పాస్‌పోర్టు మంచం మీద పెట్టి, అవన్నీ చూసుకున్నాకే జిప్పు వేయండి.